పదిహేడో సీటు పార్సిల్

విజయవాడ, రాత్రి

ఒరేయ్ చిన్నా,

బండి గంట ఆలస్యం. వాన జల్లు కిటికీలోంచి మీద పడుతోంది, జలుబు ఇంకా తగ్గలేదు. అమ్మ కట్టిచ్చిన పులిహోర ఖాజీపేట రాకముందే అయిపోయింది. నాన్న మోకాలికి నూనె రాస్తున్నావా, క్రికెట్ చూస్తూ మరిచిపోతున్నావా?

మన స్టాకు ప్రోగ్రాంని జీటీకే 3 నుంచి 4కి మార్చే పనే చూస్తున్నాను. 2020 డిసెంబరులో వచ్చిన 4లో జీటీకే_డైలాగ్_రన్ తీసేశారు. ఇదివరకు "ఈ వరుస తీసేయాలా?" అని అడిగితే జవాబు వచ్చేదాకా మన ఫంక్షన్ అక్కడే నిలబడేది. ఇప్పుడు ప్రశ్న వేసి తన దారిన వెళ్లిపోతుంది, జవాబు తర్వాత కాల్‌బ్యాక్‌కి చేరుతుంది. లోపల ఇంకో మెయిన్ లూప్ తిప్పి పాత పద్ధతే నిలబెడదామన్నావు. వద్దురా. పాత రన్ లోపల చేసిందీ అదే. మన కోడ్ ఆగినట్టుండేది గానీ టైమర్లు ఆగేవి కావు.

రాజమండ్రి దాటాక

గోదావరి చీకట్లోనే వెళ్లిపోయింది. అంతకుముందు భోజనం దగ్గర పెద్ద రగడ. ఆర్డరు రాసుకున్నతను చీటీ మీద 17 అని సీటు నంబరొక్కటే వేసుకున్నాడు. ఆ తర్వాత పై బెర్తు ఎక్కలేకపోతున్న ఒక మామ్మగారికి నా కింది బెర్తు ఇచ్చి, నేను 19కి వెళ్లాను. ఏలూరులో నా ఎగ్ బిర్యానీ ఆవిడ ఒళ్లో పెట్టి డబ్బులడిగాడు. ఆవిడకి ఆవేళ ఏకాదశి ఉపవాసం! "పదిహేడంటే పదిహేడేనమ్మా" అని అతను, "నేనడగలేదు నాయనా" అని ఆవిడ. నేను దిగొచ్చి డబ్బిచ్చేసరికి ఆవిడ కళ్లలో నీళ్లు.

పోయినవారం పరీక్షలో నేను చేసిన తప్పూ ఇదే. పద్నాలుగో వరుస గురించి అడిగాను. జవాబు వచ్చేలోపు టైమరు జాబితాను తాజా చేసింది, పైన కొత్త సరుకు చేరింది. "అవును" అనగానే పద్నాలుగులో ఉన్న వేరే సరుకు పోయింది. డైలాగ్ మోడల్ (modal) కాబట్టి మనిషి వెనక జాబితాను ముట్టుకోలేడు, టైమరుకి ఆ అడ్డు లేదు. అందుకే ప్రశ్నతోపాటే సరుకు ఐడీని కాల్‌బ్యాక్‌కి అప్పగించు. జవాబు వచ్చాక అది ఇంకా ఉందో లేదో చూసి, అప్పుడు తీసెయ్.

విశాఖపట్నం, పొద్దున

ఎండ వచ్చింది, ముక్కు కాస్త తెరుచుకుంది. ఆటోలోంచి సముద్రం కనిపించింది. మామ్మగారు దిగేటప్పుడు తన సంచిలోంచి రెండు అరటిపళ్లు తీసి నా చేతిలో పెట్టారు.

విండో మూసేచోట నేనిలా రాశాను: క్లోజ్-రిక్వెస్ట్‌లో వెంటనే ట్రూ ఇచ్చి మూతను ఆపడం, ప్రశ్న అడగడం, సేవ్ పూర్తయ్యాకే విండోను డెస్ట్రాయ్ చేయడం. ప్రశ్న తెరమీద ఉండగా మళ్లీ మూయబోతే రెండో ప్రశ్న రాకుండా ఒక గుర్తు పెట్టాను. 4.10లో వచ్చిన అలర్ట్ డైలాగ్ వాడు. వరుస తీసే ప్రశ్నలో "వద్దు"ని క్యాన్సిల్ బటన్‌గా చెప్పు, ఎస్కేప్ నొక్కినా ఏదీ పోదు. షాపులో పొరపాటున పోయిన వరుసను మళ్లీ లెక్కపెట్టాల్సింది కౌంటర్లో నిలబడేవాళ్లే.

తిరుగు టికెట్ ఇంకా వెయిటింగ్ లిస్టులోనే ఉంది. నాన్న మోకాలి సంగతి రాయి.

మీ అక్క