ధాన్యానికి కట్టిన రాతి మందిరం

చరిత్ర అనగానే మన కన్నుల ముందు కోటలు, రాజప్రాసాదాలు, ప్రార్థనా మందిరాలు మెదలుతాయి. రైతు పండించిన గింజకు నీడనిచ్చిన కట్టడాన్ని చరిత్రలో భాగంగా ఎంచే అలవాటు మనకు తక్కువ. గ్రంథాలయంలో ఒక వాస్తు గ్రంథం తిరగవేస్తుండగా కనిపించిన గ్రేట్ కాక్స్‌వెల్ ధాన్యాగారం నన్ను చాలా కాలం ఆలోచింపజేసింది.

ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో ఫారింగ్డన్ పట్టణ సమీపాన ఉన్న చిన్న గ్రామం గ్రేట్ కాక్స్‌వెల్. 13వ శతాబ్ది ఆరంభంలో జాన్ రాజు అక్కడి భూములను సిస్టర్షియన్ క్రైస్తవ సన్యాసులకు దానం చేశాడు. వారి బ్యూలీ మఠానికి చెందిన ఆ పొలాల పంటను నిలువ చేయడానికి సుమారు 1292లో ఈ ధాన్యాగారం వెలసింది. దాని పొడవు 152 అడుగులు, వెడల్పు 44, ఎత్తు 48. గోడలు కాట్స్‌వోల్డ్ రాతివి; కప్పు రాతి పలకలది. ఆ బరువును మోయడానికి లోపల రెండు వరుసలుగా ఓక్ స్తంభాలు నిలిపారు. నేల చెమ్మకు కొయ్య చివికిపోకుండా స్తంభాల కింద ఎత్తైన రాతి దిమ్మెలు అమర్చారు.

ఇట్టి కట్టడాలలో ఎదురెదురుగా పెద్ద ద్వారాలుండటం రివాజు. వాటి మధ్య నేలపై కంకులను కొట్టి, రెండు తలుపులూ తెరచి, వీచే గాలికి పొట్టు ఎగురవేసేవారు. ఈ సంగతి చదివినప్పుడు చేట చేతబట్టి కళ్లంలో గాలికై ఎదురుచూచిన మా తాతగారు గుర్తుకు వచ్చారు. మనవారు ఆరుబయట గాలివాలు చూచి తూర్పారబట్టారు. చలికాలమంతా నూర్పిడి సాగించే ఆ దేశస్థులు గాలిని గోడల మధ్యకు రప్పించుకున్నారు. విద్య మాత్రం ఒక్కటే.

1538లో బ్యూలీ మఠం రద్దయింది. ధాన్యాగారం మాత్రం సేద్యానికి ఉపయోగపడుతూనే వచ్చింది. సమీపంలోని కెల్మ్‌స్కాట్‌లో నివసించిన కవి, కళాకారుడు విలియం మారిస్ దీనిని ఎంతగానో అభిమానించాడు. 1956లో ఇది నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ సంరక్షణలోకి వచ్చింది. నూర్పిడి యంత్రాలు వచ్చాక అక్కడి అనేక పాత కొట్టాలకు పని లేకపోయింది. కొన్ని కూలాయి, కొన్ని నివాసగృహాలయ్యాయి. గ్రేట్ కాక్స్‌వెల్ విషయంలో రాజు పేరు, మఠం పేరు మనకు తెలుసు. రాళ్లు మోసిన వారి పేర్లు నిలువలేదు.

మా ఊరిలో తాతగారి నాటి రాతి కొట్టం ఒకటి ఉంది. ధాన్యం ఇప్పుడు కళ్లం నుండే లారీ ఎక్కుతున్నది కనుక, దానిని కూల్చి రాళ్లు అమ్మివేయాలని ఇంటి పెద్దల ఆలోచన. వారి మాట కాదనడానికి నా వద్ద లాభనష్టాల లెక్క ఏదీ లేదు. అయినా ఆ పని జరుగకముందే దాని కొలతలు తీసి, కట్టిన మేస్త్రీలెవరో, రాయి ఏ గుట్ట నుండి వచ్చిందో ఊరి వృద్ధులను అడిగి వ్రాసి ఉంచాలని నిశ్చయించుకున్నాను. సెలవులకు స్వగ్రామాలు వెళ్లే విద్యార్థి మిత్రులు తమ ఊళ్లలోనూ ఈ పనికి పూనుకోవాలని నా మనవి. చెప్పగల వృద్ధులు ఇంకా మన మధ్య ఉన్నారు.