ఇల్లెక్కడంటే...

అడిక్‌మెట్‌లో ఆవిడ ఇంటి నుంచి నడుచుకుంటూ వెళ్తే ఉస్మానియా యూనివర్సిటీ క్యాంపస్ ఎంతో దూరం కాదు. తెల్లారీ తెల్లారకముందే ఆ దారిన బయల్దేరి, ఆర్ట్స్ కాలేజీ ముందు ఓ చుట్టు తిరిగి, వస్తూ వస్తూ పాల ప్యాకెట్లు తెచ్చుకోవడం ముప్పై ఏళ్ళ అలవాటు. చేతిలో ఓ కర్ర ఉంటుంది. మోకాళ్ళ కోసం కాదు, కుక్కల కోసం. 1981లో, పెళ్ళయి ఈ పేటకు కాపురానికొచ్చిన కొత్తలో, క్యాంపస్ రోడ్డు మీదే ఓ కుక్క పిక్క పట్టుకుంది. నారాయణగూడ వెళ్ళి బొడ్డు చుట్టూ పధ్నాలుగు ఇంజెక్షన్లు పొడిపించుకున్నారు. ఆ పాత టీకా తయారీ మన దేశంలో 2004 చివర్లోనే ఆగిపోయింది. ఆవిడ భయం మాత్రం ఆగలేదు.

అలాంటి మనిషి 2023 నవంబరులో అమెరికా వెళ్ళి, చలికాలమంతా ఓ కుక్కతో కలిసి ఒకే గదిలో, అదీ చక్రాల మీదున్న గదిలో పడుకుని వచ్చారంటే ఎవరు నమ్ముతారు?

ఆవిడ వెళ్ళింది ఎడారులు చూడ్డానికి కాదు. ఒక్కగానొక్క కొడుకు డల్లాస్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజినీరు. పెళ్ళి నిలవలేదు. 2022లో అక్కడి ఇల్లు అమ్మేసి ఓ పాత ఆర్వీ కొన్నాడు. ఆర్వీ అంటే లోపలే మంచం, పొయ్యి, బాత్రూమ్ అన్నీ ఉండే బండి. ఇరవై నాలుగు అడుగుల పొడవు. వేసవిలో ఉత్తరాదికి, చలికాలంలో దక్షిణాదికి. ఆఫీసు పని ఆ బండిలోంచే. తోడు ఓ కుక్క. అనాథ కుక్కల ఆశ్రయం నుంచి తెచ్చుకున్నాడు. రంగు చూసి ఛాయ్ అని పేరు పెట్టాడు.

'మీ పిల్లగాడు అమెరికాల ఏ ఊర్లె ఉంటుండమ్మా?' అని పక్కింటావిడ అడిగినప్పుడల్లా ఈవిడ 'డల్లాస్‌లోనే' అంటూ వచ్చారు. రెండేళ్ళపాటు అదే అబద్ధం. కొడుకు ఉద్యోగం పోయిందనుకుంటారని కాదు, కొంపాగోడూ లేకుండా తిరుగుతున్నాడనుకుంటారని. భర్త పోయాక రెండంతస్తుల ఇంట్లో ఆవిడ ఒక్కరే. పై వాటాలో యూనివర్సిటీ పిల్లలు అద్దెకుంటారు. ఓ బిల్డరు కాగితాలు పట్టుకుని తిరుగుతున్నాడు. అది అమ్మేసి, ఆ డబ్బుతో కొడుక్కి అక్కడో నీడ ఏర్పాటు చేసి, వాణ్ణి ఓ చోట కూర్చోబెట్టాలి. విమానం ఎక్కేటప్పుడు ఆవిడ మనసులో ఉన్న పని అదొక్కటే.

మన తల్లిదండ్రులు అమెరికా వెళ్ళేది ఎక్కువగా ఎండాకాలంలో. ఈవిణ్ణి కొడుకు చలికాలంలోనే రమ్మన్నాడు. 'మంచుండదమ్మా, మన అడిక్‌మెట్ డిసెంబరులాగే ఉంటుంది' అన్నాడు. అబద్ధం కాదు. ఆరిజోనా రాష్ట్రంలో, కాలిఫోర్నియా సరిహద్దు దగ్గర క్వార్ట్‌జ్‌సైట్ అని ఓ చిన్న ఊరుంది. 2020 లెక్కల ప్రకారం జనాభా రెండున్నర వేలైనా లేదు. పులికాట్‌కు ఫ్లెమింగోలు వచ్చినట్టు, చలికాలం రాగానే కెనడా నుంచి, ఉత్తరాది రాష్ట్రాల నుంచి అక్కడికి వేలకు వేల బండ్లు దిగుతాయి. ఊరి పక్కన లా పోసా అనే ప్రభుత్వ ఎడారి భూముల్లో సెప్టెంబరు 15 నుంచి ఏప్రిల్ 15 దాకా మకాం వేసుకోవచ్చు. ఆ శీతకాలంలో సీజను మొత్తానికి రుసుము 180 డాలర్లు. కరెంటు కనెక్షన్ ఉండదు, నల్లా ఉండదు. బండిలో నింపుకున్న నీళ్ళు, పైకప్పు మీద సోలార్ పలకలు, అంతే. మురుగునీళ్ళ ట్యాంకు నిండితే బండి తోలుకెళ్ళి దానికని కట్టిన చోట ఖాళీ చేసి రావాలి.

మొదటి వారం ఆవిడ ఏడ్చారు. కొడుకు చూడకుండా.

కుక్కను చూస్తే ఒళ్ళంతా బిగుసుకుపోయేది. రాత్రి మధ్యలో బాత్రూముకి వెళ్ళాలంటే దాన్ని దాటాలి. కొడుకు దాన్ని డ్రైవరు సీటు పక్కన కట్టేసి మధ్యలో తెర వేశాడు. తెర కింద నుంచి ముక్కు మాత్రం ఇవతలికి వచ్చేది. ఆవిడ మంచం మీద కాళ్ళు ముడుచుకుని ఆ ముక్కునే చూస్తూ కూర్చునేవారు.

నీళ్ళ దగ్గర మాత్రం ఆవిడదే పైచేయి అయింది. బండి ట్యాంకు నూట యాభై లీటర్లు. కొడుక్కీ కుక్కకే అది ఆరు రోజులకు మించి వచ్చేది కాదు. రోజు విడిచి రోజు నల్లా వచ్చే పేటలో సంసారం ఈదిన మనిషి ఆవిడ. బియ్యం కడిగిన నీళ్ళతో గిన్నెలు తొలిచి, అరబకెట్లో స్నానం కానిచ్చి, అదే ట్యాంకును ముగ్గురు ప్రాణులకి ఎనిమిది రోజులు లాగారు. పక్క బండిలోని కెనడా దంపతులు ఈ విద్య నేర్చుకోవడానికి నోటు పుస్తకంతో వచ్చారట!

పొద్దున నడక అక్కడా మానలేదు. ఓ రోజు ఊరి శ్మశానం దాకా వెళితే, రాళ్ళతో కట్టిన చిన్న పిరమిడ్, దాని నెత్తిన లోహపు ఒంటె. అది హాజీ అలీ అనే సిరియా మనిషి సమాధి. 1856లో అమెరికా సైన్యం ఎడారిలో సామాను మోయించడానికి ఒంటెల్ని తెప్పించింది. వాటితో పాటు తోలేవాడుగా వచ్చాడు. అమెరికన్ల నోటికి హాజీ అలీ తిరక్క 'హాయ్ జాలీ' అయ్యాడు. మన క్యాంపస్ పక్క స్టేషను జామియా ఉస్మానియా కాస్తా రైల్వే పట్టికల్లో జమాయి ఉస్మానియా అయినట్టు! అంతర్యుద్ధం వచ్చి ఒంటెల పథకం మూలపడింది. కొన్నిటిని అమ్మేశారు, కొన్ని ఎడారి పాలయ్యాయి. ఆయన మాత్రం తిరిగి వెళ్ళలేదు. 1902లో అక్కడే పోయాడు. ఈ కట్టడం 1935లో వెలిసింది. ఆవిడ అక్కడ చాలాసేపు నిలబడ్డారు. 'వాళ్ళమ్మ ఎదురుచూసి ఉంటుంది కదరా' అన్నారు. కొడుకు ఏమీ అనలేదు.

డిసెంబరు ఆఖర్లో ఓ మధ్యాహ్నం. కొడుకు సైకిలు మీద ఊళ్ళోకి వెళ్ళాడు. బయట కట్టేసిన ఛాయ్ తాడు విప్పుకుని పొదల్లోకి పోయింది. రెండు నిమిషాల్లో కీచుమని అరుపు. అక్కడ చోయా అనే నాగజెముడు జాతి మొక్క ఉంటుంది. ఎగిరి అంటుకుంటుందని పేరు. నిజానికి ఎగరదు, కాస్త తగిలితే చాలు ముళ్ళ ముద్ద ఊడి ఒంటికి పట్టుకుంటుంది. ముల్లు చివర వెనక్కి తిరిగిన పొలుసులుంటాయి కాబట్టి లాగేకొద్దీ బిగుస్తుంది. ఛాయ్ ముందరి పాదానికి ఓ ముద్ద అంటుకుంది. పళ్ళతో పీకబోతే అది పెదవికీ గుచ్చుకుంది. పాదం, మూతి ఒకదానికొకటి కుట్టేసినట్టయి కుక్క గుండ్రంగా తిరుగుతోంది. నోటి నిండా నెత్తురు.

చేత్తో పట్టుకోవద్దని, దువ్వెన దూర్చి విసిరికొట్టాలని వచ్చిన రోజే కొడుకు చెప్పాడు. ఆవిడ చుట్టూ చూశారు. ఎవరూ లేరు. లోపలికి వెళ్ళి తన చెక్క దువ్వెన తెచ్చారు, సుల్తాన్‌బజార్‌లో కొన్నది. ఇసుకలో చతికిలబడి, శాలువాతో కుక్క మెడ చుట్టి చంకలో ఇరికించుకున్నారు. అది గుర్రుమంది. ఆవిడ కళ్ళు మూసుకున్నారు. మళ్ళీ తెరిచారు, కళ్ళు మూసుకుంటే ముల్లు కనబడదు కనక. దువ్వెన పళ్ళు ముద్దకీ చర్మానికీ మధ్య దూర్చి ఒక్క విసురు. మొదటిది పోయింది. రెండోదానికి మూడు పళ్ళు విరిగాయి. మిగిలిన ముళ్ళు కొడుకు వచ్చాక పటకారుతో ఒక్కొక్కటే లాగాడు. అప్పటిదాకా ఆవిడ దాన్ని వదల్లేదు.

'కరవలేదా అమ్మా?' అన్నాడు వాడు, మొహం పాలిపోయి.

'కరిస్తే ఈసారి ఎన్ని ఇంజెక్షన్లురా?' అన్నారావిడ. అప్పుడు వచ్చింది వణుకు.

ఆ రాత్రి తెర తీసేశారు.

సంక్రాంతికి ఫీనిక్స్ దగ్గర మరికోపాలోని మహా గణపతి గుడికి వెళ్ళారు. కుక్కను ఒంటరిగా వదలకూడదని ఒకరు బండి దగ్గర, ఒకరు గుడిలో, వంతులవారీగా. పట్టుచీరలో ఉన్న ఓ తెలుగావిడ పలకరించి, 'మీ అబ్బాయి ఇల్లు ఎక్కడండీ?' అన్నారు. డల్లాస్ అని నోటిదాకా వచ్చింది. 'ఇక్కడేనండీ, ఆ పార్కింగులో' అన్నారు. హాస్యమనుకుని ఆవిడ నవ్వారు. తర్వాత పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చి చూసి, లోపల కూర్చుని పులిహోర తిని వెళ్ళారు. చిన్నపిల్ల దిగనని ఏడ్చిందట.

అక్కణ్ణుంచి దక్షిణంగా అహో అనే ఊరు. 1985లో రాగి గని మూతపడ్డాక సగం ఖాళీ అయిన ఊరు. నడిబొడ్డున తెల్లటి చర్చిలు, తాటిచెట్లు, ఎవరూ లేని చౌరస్తా. దాని కింద ఆర్గాన్ పైప్ ఎడారి వనం. జాతీయ వనాల్లో చాలా దారుల్లోకి కుక్కల్ని రానివ్వరు. అక్కడ మాత్రం ఛాయ్‌తో నడవడానికి రెండు కిలోమీటర్ల దారి ఉంది. ఆవిడ రోజూ పోనూ రానూ నడిచారు, తాడు తన చేతిలోనే. సగ్వారో అనే పెద్ద జెముడు చెట్టుకు మొదటి కొమ్మ రావడానికి యాభై, డెబ్భై అయిదేళ్ళు పడుతుందని కొడుకు చెబితే, 'అయితే నాకూ ఇప్పుడే మొలుస్తుందన్నమాట' అన్నారు అరవై ఏడేళ్ళ ఆవిడ.

ఫిబ్రవరిలో టూసాన్ దాటి తూర్పుకు వెళ్తుంటే, రహదారికి రెండు పక్కలా బండరాళ్ళు మొదలయ్యాయి. ఒకదాని మీద ఒకటి, తోస్తే పడిపోతాయేమో అన్నట్టు. టెక్సస్ కాన్యన్ అంటారు. ఆవిడ బండి ఆపించారు. 'ఇది మన క్యాంపస్ కదరా!' అన్నారు. తేడా అల్లా వయసులోనే. అక్కడి గ్రానైటుకు సుమారు అయిదు కోట్ల ఏళ్ళు, హైదరాబాద్‌దానికి 250 కోట్ల ఏళ్ళు. పగుళ్ళ వెంట నీరు దిగి మూలలు అరిగి గుండ్రమవడం మాత్రం రెండుచోట్లా ఒకటే. చిన్నప్పుడు ఆడుకున్న రాళ్ళ గుట్టల్ని కొడుకు లెక్కపెట్టాడు. వాటిలో చాలామటుకు పేల్చేసి అపార్టుమెంట్లు కట్టేశారు.

ఆ రాళ్ళ నీడలోనే ఆవిడ మాట ఎత్తారు. బిల్డరు, కాగితాలు, డబ్బు.

'అమ్మకమ్మా' అన్నాడు. 'నాకోసమైతే అసలొద్దు. నేను తిరిగొస్తే దిగడానికి ఆ ఒక్క ఇల్లే ఉంది.'

'వస్తావా?'

'తెలీదు.'

'తెలీనిదానికి నేనొక్కదాన్నీ ఎన్నాళ్ళు కాపలా కాయను నాన్నా?'

ఆవిడ కోపంగా అనలేదు. నిజంగానే అడిగారు. వాడు జవాబు చెప్పకుండా ఛాయ్ గిన్నెలో నీళ్ళు పోశాడు. అది తాగేదాకా ఇద్దరూ దాన్నే చూస్తూ కూర్చున్నారు.

ఏప్రిల్లో ఆవిడ అడిక్‌మెట్ వచ్చేశారు. పక్కింటావిడ అడిగితే ఈసారి ఉన్నదున్నట్టు చెప్పారు. 'బండ్లనే ఉంటుండా? కుక్కతోని?' అని ఆమె బుగ్గలు నొక్కుకుంది. పొద్దున నడకకు కర్ర ఇప్పటికీ తీసుకెళ్తారు. మూడు పళ్ళు విరిగిన దువ్వెన చేతిసంచిలో ఉంటుంది. బిల్డరు కాగితాలు ఫ్రిజ్ మీద, క్వార్ట్‌జ్‌సైట్ ఇసుకలో ఏరుకొచ్చిన తెల్లరాయి కింద ఉన్నాయి. సంతకం పెట్టలేదు. తిప్పి పంపనూ లేదు.