జరాసంధుడి అతుకు

మోటారు సైకిలును కొనుక్కోవడం ఒక ముచ్చట. దాన్ని విప్పి మళ్ళీ బిగించడం ఒక విద్య. ఒక బండి చట్రాన్ని, మరో బండి ఇంజనును, ఇంకో బండి చక్రాన్ని తెచ్చి, వాటిలో నుండి ఇదివరకు లేని నాలుగో బండిని పుట్టించడం మాత్రం ఈ రెంటిలో దేనికీ చెందదు. దానికి తగిన మాట నాకింకా దొరకలేదు. గత ఏడాదిన్నరగా మా ఇంటి వెనుక షెడ్డులో జరిగినది అదే కనుక, మాట దొరికేలోగా సంగతి చెప్పేస్తాను.

నేనుండేది ఇంగ్లాండు నడిమి సీమలో. మా మేనల్లుడు ఇక్కడే మెకానికల్ ఇంజనీరింగు చదువుతూ, వారాంతాల్లో పప్పన్నం కోసం మా ఇంటికి వస్తాడు. పక్కింటి పెద్దాయన పనిముట్లు తయారుచేసే కార్ఖానాలో జీవితమంతా పనిచేసి విశ్రమించినవాడు. ఆయన షెడ్డులో ఒక నార్టన్ చట్రం ముప్పై ఏళ్ళుగా దుప్పటి కప్పుకుని పడుకుని ఉంది. ఒకనాడు మావాడు ఆ దుప్పటి కింద ఏముందని అడిగాడు. అడిగినవాడు ముప్పై ఏళ్ళలో వీడొక్కడేనట. అలా కుదిరింది బేరం: చట్రం ఆయనది, చేతులు వీడివి, చోటు నాది. మావాడు ఆయన్ను "తాతగారూ" అని పిలవడం మొదలుపెట్టాడు. అర్థం చెప్పాక ఆయన వేరే పేరుతో పిలిస్తే పలకడం మానేశాడు.

కట్టదలచిన బండిని ట్రైటన్ అంటారు. ట్రయంఫ్‌లోని ముందు ముక్క, నార్టన్‌లోని చివరి ముక్క కలిస్తే ఆ పేరు వచ్చింది. గ్రీకుల సముద్రదేవుడొకడికి అదే పేరుండడం కేవలం కాకతాళీయం. దీని పుట్టుక కథ కొంచెం చెప్పకుండా ముందుకు సాగలేను.

బెల్‌ఫాస్టు వాడైన రెక్స్ మెక్‌కాండ్లెస్ రూపొందించిన జంట ఉచ్చుల చట్రాన్ని నార్టన్ కంపెనీ 1950లో తన పందెపు బండికి తొడిగింది. ఆ ఏడే ఐల్ ఆఫ్ మాన్ సీనియర్ టీటీ పందెంలో జెఫ్ డ్యూక్ దాని మీద గెలిచాడు. దాన్ని తోలిన హెరాల్డ్ డేనియల్ ఈకల పరుపు మీద కూర్చున్నట్టుందని అన్నాడట. ఫెదర్‌బెడ్ అన్న పేరు అలా స్థిరపడింది. మన భాషలో చెప్పాలంటే హంసతూలికా తల్పం. మలుపులో ఒరిగినప్పుడు మెలి తిరగకుండా నిలబడడం దాని గొప్ప. అటువైపు ట్రయంఫ్‌లో ఎడ్వర్డ్ టర్నర్ 1937 నాటి స్పీడ్ ట్విన్‌తో మొదలుపెట్టిన జంట సిలిండర్ల ఇంజను క్రమంగా పెరిగి, 1959లో బొనవిల్ అయింది. 649 సీసీ, 46 గుర్రాల బలం. ఇంజను సరదా అయినదే. కానీ దాన్ని మోసే చట్రం ఆ వేగానికి తగినది కాదని తోలేవాళ్ళ ఫిర్యాదు. ఒకరికి ఒళ్ళుంది, ఒకరికి గుండె ఉంది. మిగిలింది ఊహించుకోవచ్చు.

ఊహ ఒక్కటే చాలదు కదా, విడి చట్రాలు దొరకాలి. అవి దొరికిన వైనం నాకు మహా ఇష్టం. ఆ రోజుల్లో 500 సీసీ ఇంజన్లతో ఫార్ములా 3 కారు పందేలు జరిగేవి. ఆ బుల్లి కార్లకు నార్టన్ మాంక్స్ ఇంజను కావాలి. కంపెనీ ఇంజను ఒక్కటే అమ్మనంది. దానితో కార్లవాళ్ళు బండి మొత్తం కొని, ఇంజను పీక్కుని, మిగిలిన దేహాన్ని వదిలించుకునేవారు. గుండె తీసేసిన ఆ దేహాలే తొలి ట్రైటన్లకు ఆధారమయ్యాయి. 1960ల నాటికి లండను నార్త్ సర్క్యులర్ రోడ్డు పక్కనున్న ఏస్ కెఫే ముందర ఇలాంటి బళ్ళు బారులు తీరేవి. అది కుర్రకారు సరదా మాత్రమే అనుకునేవాళ్ళకు 1965లో జవాబు వచ్చింది. డ్రెస్డా పేరుతో తాను కట్టిన ట్రైటన్ మీద డేవ్ డెగెన్స్, రెక్స్ బుచర్‌తో వంతులు మార్చుకుంటూ, బార్సిలోనాలో 24 గంటల పందెం గెలిచాడు. పందెంలో పగలూ రాత్రీ విరగకుండా నడిచిందంటే, దాని అతుకు గట్టిదన్నమాట.

అతుకు అన్నాను. అసలు చెప్పదలచుకున్నది దాని గురించే.

చట్రానికి పేరుంది, ఇంజనుకు పేరుంది. పక్కింటాయన చట్రం 1960కి ముందటి వెడల్పు రకం, వైడ్‌లైన్. ఇంజను కోసం వెతుకుతుంటే చక్కగా నడుస్తున్న బొనవిల్ ఒకటి అమ్మకానికి వచ్చింది. కొని ఇంజను తీసేసుకుందామని మావాడు ఉబలాటపడ్డాడు. పెద్దాయన ఒప్పుకోలేదు. "బతికున్నదాన్ని కోయను" అన్నాడు. ఆరు దశాబ్దాల క్రితం రోజుకొకటి చొప్పున కోసినవాళ్ళను ఆయన ఎరుగును. అప్పుడవి కొల్లలు, ఇప్పుడు మిగిలినవెన్నో ఆయనకు తెలుసు. నాలుగు నెలలు ఆగాక, పాత సామాన్ల సంతలో, చట్రం వంగిపోయిన బండి తాలూకు ఇంజను ఒకటి దొరికింది. 1963కి ముందటిది. అప్పటి వరకు ట్రయంఫ్ 650లలో ఇంజను, గేరుపెట్టె విడివిడిగా ఉండేవి కనుక ఇలాంటి పనికి అవి అనువు. గేరుపెట్టె నార్టన్‌దే ఉంచారు. ముందు చక్రం, బ్రేకు 1968 నాటి ట్రయంఫ్‌వి. పేరున్నవన్నీ ఇలా చేరాయి.

చేరాక వాటిని నేల మీద పరిచి చూస్తే, ఒకదానికొకటి తగిలే చోటు ఒక్కటీ లేదు! ఇంజనుకున్న రంధ్రాలు చట్రానికున్న రంధ్రాలను ఎన్నడూ చూసి ఎరగవు. ఒకేలా కనిపించే రెండు బోల్టుల్లో ఒకటి దూరుతుంది, ఒకటి దూరదు. విట్‌వర్త్ మర కోణం 55 డిగ్రీలు, పాత సైకిలు మర కోణం 60 డిగ్రీలు. పానాలు సైతం వేరు. మావాడు మిల్లీమీటర్ల లోకంలో పుట్టినవాడు. మొదటి వారం వాడి మొహం చూస్తే ఛందస్సు తెలియకుండా అవధానానికి కూర్చున్నవాడిలా ఉండేది.

ఈ రెంటినీ కలిపేవి పలకలు. ఇంజనుకు అటొకటి ఇటొకటి, వెనుక గేరుపెట్టెను కలుపుకుని ఇంకో జత. అవి నార్టన్‌వీ కావు, ట్రయంఫ్‌వీ కావు. తయారువి కొనుక్కోవచ్చు, అమ్మేవాళ్ళున్నారు. పెద్దాయన కోసుకోమన్నాడు. ముందు అట్టముక్క, తరువాత ప్లైవుడ్డు, ఆఖరున పది మిల్లీమీటర్ల అల్యూమినియం మిశ్రమలోహపు పలక. ఇంజను ఎంత ముందుకు జరిగితే ముందు చక్రం మీద అంత బరువు పడి మలుపులో పట్టు పెరుగుతుంది. మరీ ముందుకు జరిపితే గొట్టాలకు తగులుతుంది. వెనక్కి జరిపితే గేరుపెట్టెకు చోటుండదు. ఇంజను పళ్ళచక్రం, క్లచ్చి ఒక వరుసలో ఉండాలి. గేరుపెట్టె పళ్ళచక్రం, వెనుక చక్రం మరో వరుసలో ఉండాలి. వరుస తప్పితే చైను పళ్ళను కొరికి తినేస్తుంది. ఆ నాలుగు పలకల కోసం ఆకురాయితో మావాడు గడిపిన శనివారాలు పదకొండు. నేను దీపం పట్టుకున్నాను. టీ కూడా కాచాను.

ఒక సాయంత్రం అది చూస్తుంటే జరాసంధుడు గుర్తొచ్చాడు. ఇద్దరు తల్లులకు పుట్టిన రెండు సగాలను జర అనే రాక్షసి దగ్గరకు చేర్చితే ఏడుపు వినబడింది. వాడి ప్రాణం ఆ సంధిలోనే ఉంది, చావూ అక్కడే ఉంది. భీముడికి కృష్ణుడు గడ్డిపరక చీల్చి చూపించింది ఆ చోటునే. బండికీ అంతే. ఈ ఇంజనులో రెండు పిస్టన్లు ఒక్కసారే లేచి ఒక్కసారే దిగుతాయి. దాని అదురును పూర్తిగా అణచడం సాధ్యం కాదు, చట్రం మారితే అదురు తీరు మారుతుంది. ఆ అదురంతా మోసేవి ఈ పేరు లేని పలకలు, ఇంజను తలను పైగొట్టానికి కట్టే చిన్న బిగింపు పలక. శుద్ధవాదులకు ట్రైటన్ అంటే ఇప్పటికీ గిట్టదు, వాళ్ళ దృష్టిలో అదొక వైరిసమాసం. పాలాభిషేకం తప్పు, క్షీరాభిషేకం అనాలని వ్యాకరణం చెబుతుంది. జనం మాత్రం పాలాభిషేకమే చేస్తున్నారు. అతుకు బలంగా ఉంటే సమాసం నిలుస్తుందని నా నమ్మకం.

నమ్మకం నాది. ఎక్కవలసినవాడు మాత్రం మా చెల్లెలి కొడుకు.

2006లో వాడి బాబాయి, అంటే మా బావగారి తమ్ముడు, రాజమండ్రి దారిలో బండి మీద పోయాడు. అప్పటికి మావాడికి మూడేళ్ళు. ఆ తరువాత వాళ్ళింటి గుమ్మం ముందు బండి ఆగలేదు. షెడ్డు సంగతి తెలిసిన రోజు మా చెల్లెలు కాకినాడ నుండి ఫోను చేసింది. "కడితే కట్టుకోనీ అన్నయ్యా. ఎక్కుతాడా?" అంది. "ముందు కట్టనీయవే" అన్నాను. అది జవాబు కాదని ఇద్దరికీ తెలుసు. ఆ తరువాత ఒకసారి, "అతుకుల బొంత మీద నా కొడుకును కూర్చోబెడతావా?" అంది. అప్పుడు నేను ధైర్యవచనాలు పలకలేదు. పలకల బొమ్మలు పంపాను. ఏది దేన్ని పట్టుకుంటుందో, ఏ నట్టు వదులైతే ఏమవుతుందో ఒక్కొక్కటే చెప్పాను. లెక్కల టీచరు కనుక ఓపికగా విన్నది. చివరకు, "రోడ్డు మీద వద్దు" అంది.

రోడ్డు మీదకు అది ఎలాగూ రాదు. దీపాలు లేవు, హారను లేదు. బ్రిటనులో పుట్టుపూర్వోత్తరాలు తేలని బళ్ళకు క్యూ అక్షరంతో మొదలయ్యే నంబరు ఇస్తారు. మేము దాని జోలికి పోలేదు. మన దేశంలోనైతే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ఉంది. తయారీదారు ఇచ్చిన మూలరూపాన్ని మార్చరాదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది. ఇలాంటి బండికి మిగిలేది ట్రాకే. అలాగని ఈ విద్య మన గడప తొక్కలేదనుకోకండి. ఇతరుల ఇంజన్లకు చట్రాలు కట్టడంతో పేరు తెచ్చుకున్న హారిస్ పెర్ఫార్మెన్స్ అనే ఇంగ్లీషు సంస్థను రాయల్ ఎన్‌ఫీల్డ్ యజమానులైన ఐషర్ వారు 2015లో కొనేశారు. 2018లో వచ్చిన ఎన్‌ఫీల్డ్ 650 బళ్ళ చట్రంలో ఆ చేతివాటం ఉంది. మద్రాసు బండి తోలుతున్న మిత్రులారా, మీ కింద కొంత ఈ వంశమే ఉంది.

మొన్న వేసవిలో బండిని మాలొరీ పార్కు ట్రాకుకు తీసుకువెళ్ళాము. అంతకు ముందే మావాడు అద్దె బండి మీద మూడుసార్లు అక్కడ తోలి వచ్చాడు. నూనె పారే ప్రతి బోల్టుకూ కన్నం పెట్టి సన్నని తీగ చుట్టాడు, ఊడి నూనె కారితే వెనుక వచ్చేవాడు జారిపోతాడని. బిగించిన ప్రతి నట్టు మీదా పసుపురంగు గీత పెట్టాడు. గీత జరిగితే నట్టు జరిగినట్టు. పెద్దాయన మడత కుర్చీ వేసుకుని ముళ్ళకంప పక్కన కూర్చున్నాడు.

మొదటి చుట్టు మెల్లగా సాగింది. రెండో చుట్టుకు, జెరార్డ్స్ అనే పొడవాటి కుడి మలుపులో అది ఒరిగి, ఒరిగినట్టే ఉండి, గీత గీసినట్టు పోయింది. పెద్దాయన కుర్చీలో నుండి లేచాడు. మూడో చుట్టులో గొంతు విప్పింది. నాలుగో చుట్టులో మావాడు చెయ్యి పైకెత్తి లోపలికి వచ్చేశాడు. ఎవరూ జెండా చూపలేదు, ఇంకా సమయం మిగిలే ఉంది.

"ఏమైందిరా?"

"శబ్దం మారింది మావయ్యా. పక్కన ఇంకెవరో సన్నగా పాడుతున్నట్టుంది."

నాకేమీ వినబడలేదు. పెద్దాయనకూ వినబడలేదు. ఇంజను చల్లారాక పసుపు గీతలన్నీ చూశారు. ఒక్కటీ జరగలేదు. నాలుగు పలకలు చెక్కు చెదరలేదు. ఆఖరున ఇంజను తలను పైగొట్టానికి కట్టే ఆ చిన్న పలక మీద, రంధ్రం అంచున, వెంట్రుకవాసి చీలిక కనిపించింది. పెద్దాయన దాన్ని విప్పి, చేతిలో తిప్పి చూసి, మావాడి భుజం మీద చెయ్యి వేశాడు. ఏమీ అనలేదు. ఆ రోజుకి బండిని మళ్ళీ ట్రాకు ఎక్కించలేదు.

ఆ చీలికను అంత వేగంలో, హెల్మెట్టు లోపల నుండి వాడు ఎలా విన్నాడని దారి పొడుగునా ఆలోచించాను. కొన్న బండి అయితే వినేవాడు కాదేమో. పదకొండు శనివారాలు ఆకురాయి పట్టినవాడికి ఏ అతుకు ఎలా పలుకుతుందో చేతులకు ముందే తెలిసి ఉంటుంది.

రాత్రి చెల్లెలికి ఫోను చేశాను. మలుపు సంగతి చెప్పాను, చీలిక సంగతీ దాచలేదు. అవతల చాలాసేపు మాట లేదు.

"ఎవరూ చెప్పకుండానే ఆపాడా?"

"తనే ఆపాడు."

"సరే. ఈసారి ఆ ముక్క మందంగా చేయమను."

కొత్త పలక ఉక్కుది, అట్టముక్క దశ దాటింది. ఈ శనివారం కోత. ట్రాకు వాళ్ళు వచ్చే నెల మొదటి ఆదివారం చోటుందన్నారు. పెద్దాయన తన మడత కుర్చీ అప్పుడే మా కారులో పెట్టేశాడు.