తలుపు కిర్రుమంది... ఎవరన్నా వింటున్నారా?

దెయ్యాల సినిమాలు నన్ను భయపెట్టడం మానేసి చాలా ఏళ్ళయింది. దెయ్యం ఎప్పుడొస్తుందో నేపథ్య సంగీతం ముందే చెప్పేస్తుంది. తీరా వచ్చాక, దీన్ని గ్రాఫిక్స్‌లో ఎలా చేసుంటారబ్బా అని ఆలోచనలో పడతాను. మన వృత్తి అలాంటిది మరి. కానీ డెబ్భై ఎనభై ఏళ్ళ క్రితం అమెరికా రేడియోలో వచ్చిన అరగంట నాటకాలు మాత్రం ఇప్పటికీ నన్ను రాత్రిపూట హాల్లో లైటు వేసుకుని మరీ మంచినీళ్ళకి వెళ్ళేలా చేస్తున్నాయి. బొమ్మ లేదు, రంగు లేదు, పైగా రికార్డింగంతా బుసబుసమని రొద. అయినా ఎందుకిలా? ఆలోచిస్తే తట్టిన సంగతులివి.

ముందు వీటి పుట్టుపూర్వోత్తరాలు కాస్త. 1934 జనవరిలో షికాగో రేడియోలో విల్లిస్ కూపర్ అనే రచయిత 'లైట్స్ అవుట్' అనే కార్యక్రమం మొదలుపెట్టాడు. అర్ధరాత్రి వేళ, పిల్లలు పడుకున్నాక వచ్చేది. 1936లో ఆయన హాలీవుడ్ వెళ్ళిపోతే ఆర్చ్ ఓబ్లర్ అందుకున్నాడు. 1941లో హైమన్ బ్రౌన్ 'ఇన్నర్ శాంక్టమ్' మొదలెట్టాడు. ప్రతివారం ఒక తలుపు కిర్ర్ర్రుమని తెరుచుకునేది, కార్యక్రమం పేరు తెలీనివాళ్ళకి కూడా ఆ తలుపు తెలుసు. (అది తలుపు కాదనీ, తుప్పుపట్టిన ఆఫీసు కుర్చీ అనీ, ఒకసారెవరో మంచి మనిషి దానికి నూనె వేసేస్తే సౌండ్ మనిషి నోటితోనే కిర్రుమనాల్సొచ్చిందనీ ఒక కథ చెబుతారు. ప్రొడక్షన్‌లో నడుస్తున్నదాన్ని ఎందుకు ముట్టుకోకూడదో దీనికన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు :-)). 1942లో మొదలైన 'సస్పెన్స్' అయితే 1962 సెప్టెంబరు దాకా ఇరవయ్యేళ్ళు నడిచింది. దాంతోపాటే అమెరికాలో రేడియో నాటకాల స్వర్ణయుగం అయిపోయిందంటారు.

ఇవి ఎక్కువగా లైవ్‌గా వచ్చిన నాటకాలు. డిస్కుల మీద రికార్డయినవాటిని ఎవరెవరో ఓపిగ్గా దాచి, టేపులకెక్కించి, ఎమ్పీత్రీలు చేసి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పెట్టారు. నైట్ సపోర్టు రోజుల్లో, డిప్లాయ్‌మెంటు అయ్యేదాకా నిద్ర రాకుండా ఏదో ఒకటి వినాలి కదా అని నేను మొదలుపెట్టింది వాటితోనే. నిద్ర రాలేదు సరికదా, డిప్లాయ్‌మెంటు అయిపోయాక కూడా రాలేదు.

వీళ్ళ సౌండ్ విభాగం గురించి చెప్పకుండా ముందుకెళ్తే పాపం. తల నరకడమంటే క్యాబేజీని కత్తితో ఒక్క వేటు. ఎముకలు విరగడమంటే మాంసం కొట్లో దొరికే పక్కటెముకలు మైకు దగ్గర పుటుక్కున విరచడం. కరెంటు కుర్చీలో మనిషి కాలడమంటే పెనం మీద వేగుతున్న పంది మాంసం. ఓబ్లర్ నాటకమొకదాంట్లో మనుషులు లోపలిది బయటికి తిరగబడిపోతారు, చొక్కా తిరగేసినట్టు. దానికి వాడింది తడి రబ్బరు గ్లవుజు. విషయం తెలిశాక నవ్వొస్తుంది. కానీ చీకట్లో వింటున్నప్పుడు క్యాబేజీ గుర్తు రాదండీ, నా మాట నమ్మండి.

మన భాషలో చెప్పాలంటే ఇదో గొప్ప డిజైను. బొమ్మ మొత్తం పంపరు. బొమ్మ గీసుకోడానికి కావల్సిన సూచనలు పంపి, రెండరింగంతా వినేవాడి బుర్రకి వదిలేస్తారు. ఆ బుర్రలో ఏం సరుకుందో వాళ్ళకి తెలీదు, తెలియక్కర్లేదు కూడా. నా దెయ్యం నా చిన్నప్పటి చింతచెట్టు మీంచి వస్తుంది, మీది మీ హాస్టల్ వరండాలోంచి వస్తుంది. ఒకే ఫైలు, ఎవరి భయం వాళ్ళది.

ఇంతవరకూ చాలామంది చెప్పేదే. నాకు దీని తరవాత సంగతి ముఖ్యం అనిపిస్తుంది. ఓ యాభై అరవై నాటకాలు విన్నాక గమనించిందేంటంటే, వీటిల్లో బాగా గుర్తుండిపోయేవాటిలో దెయ్యాలు పెద్దగా లేవు. ఉన్నా వాటి పని తక్కువే. మళ్ళీ మళ్ళీ కనిపించేది వేరే ఇంకోటి: ఒక మనిషి గొంతెత్తి పిలుస్తుంటాడు, అవతల వినాల్సినవాళ్ళు వినరు.

(ఇక్కణ్ణించి కథలు చెప్పేస్తున్నాను. ముందు విని వస్తామనేవాళ్ళు విని రండి, నేనిక్కడే ఉంటాను.)

1938 అక్టోబర్ 30న ఆర్సన్ వెల్స్ బృందం ప్రసారం చేసిన 'వార్ ఆఫ్ ది వరల్డ్స్' సంగతి అందరికీ తెలుసు. అంగారకుడి నుంచి దండెత్తి వచ్చారని దేశమంతా వీధుల్లోకి పరుగెత్తిందన్నది మర్నాటి పత్రికలు బాగా పెంచి రాసిన వార్త. అది పక్కన పెట్టి నాటకం వినండి. అన్నిటికన్నా ఒళ్ళు జలదరించేది యంత్రాల మోత కాదు. విలేకరి మాట్లాడుతూ మాట్లాడుతూ ఠక్కున ఆగిపోతాడు. కొన్ని సెకన్లు ఏమీ లేదు. రేడియోలో నిశ్శబ్దం అంటే టీవీలో తెర నల్లబడటం లాంటిది, ఎవరూ కావాలని చెయ్యరు. ఆ తరవాత, నగరం చచ్చిపోయాక, ఒకే ఒక హామ్ రేడియో ఆపరేటరు గాల్లోకి పిలుస్తాడు, ఎవరన్నా ఉన్నారా అని. జవాబు రాదు. నాకు ఆ నాటకమంతా ఆ పిలుపే.

లూసిల్ ఫ్లెచర్ 1941లో రాసిన 'ది హిచ్‌హైకర్' చూడండి. ఇదీ వెల్స్ గొంతే. ఒకతను బ్రూక్లిన్ నుంచి కాలిఫోర్నియాకి కార్లో బయల్దేరతాడు. దారి పొడుగునా ఒకే మనిషి లిఫ్టు అడుగుతూ కనిపిస్తుంటాడు, ఇతను ఎంత వేగంగా వెళ్ళినా వాడు ముందే ఉంటాడు. చివరికి తట్టుకోలేక, ఒక్కసారి అమ్మ గొంతు వింటే చాలనుకుని ఇంటికి ట్రంకాల్ చేస్తాడు. ఎవరో తెలీని ఆడమనిషి తీస్తుంది. ఆవిడ ఆస్పత్రిలో ఉంది, కొడుకు పోయినప్పట్నించీ మనిషి కుదేలైంది, ఆరు రోజులైంది వంతెన మీద యాక్సిడెంటై, అని చెబుతుంది. ఆ కొడుకు ఇతనే. దెయ్యం కథే, ఒప్పుకుంటాను. కానీ నన్ను పట్టుకున్నది దెయ్యం కాదు, చిల్లర నాణేలు ఒక్కొక్కటే ఫోన్లో పడుతున్న చప్పుడు.

ఇక అదే ఫ్లెచర్ రాసిన 'సారీ, రాంగ్ నంబర్'. 1943 మే 25న 'సస్పెన్స్'లో వచ్చింది. యాగ్నెస్ మూర్‌హెడ్ దాదాపు ఒంటిచేత్తో నడిపిస్తుంది. ఆ తరవాత మళ్ళీ మళ్ళీ ఆవిడ చేతే చేయించారు. 1948లో సినిమా కూడా వచ్చింది, బార్బరా స్టాన్విక్‌తో. మంచం దిగలేని జబ్బుమనిషి, న్యూయార్కులో ఇంట్లో ఒక్కతే ఉంటుంది. భర్త ఆఫీసుకి ఫోన్ కలపమంటే లైన్లు కలగాపులగమై ఇద్దరు మగవాళ్ళ మాటలు వినబడతాయి. రాత్రి పదకొండుంబావుకి, రైలు వంతెన దాటే చప్పుడులో అరుపు వినబడకుండా, ఒకామెని చంపాలని.

ఇక్కణ్ణించి ఆవిడ చేసే ఫోన్లన్నీ ఒక టికెట్ హిస్టరీలా చదువుకోవచ్చు. ఆపరేటరు: కాల్ ఆరా తియ్యాలంటే దానికో పద్ధతుందమ్మా. పోలీసు: ఎవర్ని చంపుతారో తెలీదు, ఎక్కడో తెలీదు, సరే చూస్తాంలెండి. టెలిగ్రాఫ్ ఆఫీసు: మీ ఆయన ఊరెళ్తున్నారు, ఈ రాత్రికి రారు. ఆస్పత్రి: నర్సుని పంపాలంటే డాక్టరు చెప్పాలి. ఎవ్వరూ చెడ్డవాళ్ళు కారు. ఎవ్వరూ కసురుకోరు, కనీసం గట్టిగా కసురుకోరు. అందరూ రూల్ ప్రకారం మాట్లాడి, మర్యాదగా ఫోన్ పెట్టేస్తారు. ఎవరి టికెట్ వాళ్ళు క్లోజ్ చేసుకున్నారు. ఎస్సెల్యే ఎక్కడా తప్పలేదు. పదకొండుంబావయింది.

ఆవిడ గయ్యాళి కూడా. ప్రతివాళ్ళనీ విసిగిస్తుంది, తన జబ్బు గురించి తప్ప మాట్లాడదు. వినేవాళ్ళకే 'అబ్బ, ఈవిడ పెట్టేస్తే బావుణ్ణు' అనిపిస్తుంది. ఫ్లెచర్ చేసిన అసలు మోసం అదే. మనమూ ఆ ఆపరేటర్ల పక్కన చేరిపోయామని చివరి నిమిషం దాకా తెలియనివ్వదు.

ఈ నాటకం నాన్నకి వినిపించాను. నాన్న హైస్కూల్ మాస్టారుగా రిటైరయ్యారు. గ్లాకోమా వల్ల చూపు దాదాపు పోయింది. టీవీ పెడితే ప్రతి రెండు నిమిషాలకీ 'ఏవైందిరా?' అనడుగుతారు. సీరియల్లో అత్తగారి మొహం మీద మూడుసార్లు మెరుపు మెరిసి, ఢాం ఢాం అని మ్యూజిక్ వస్తుంది, మాట మాత్రం ఉండదు. ఏవైందో కళ్ళున్నవాళ్ళే చెప్పాలి. అడిగీ అడిగీ విసుగొచ్చి టీవీ దగ్గర కూచోవడం మానేశారు. చిన్నప్పుడు ఆకాశవాణి విజయవాడ నాటకాలు విన్న మనిషి కదా అని వీటిని పెట్టాను. నలభైల నాటి అమెరికన్ ఇంగ్లీషు, కానీ రేడియో కోసం మాట్లాడింది కాబట్టి స్పష్టంగా ఉంటుంది. మధ్యలో రెండు మూడు చోట్ల మాత్రం నేను తెలుగులో అందించాను. అరగంటలో 'ఏవైందిరా?' అని ఒక్కసారి కూడా అడగలేదు. నాకు కనిపించేదేదీ ఆయనకి కనపడకుండా పోలేదు, ఎందుకంటే నాకూ ఏమీ కనపడలేదు.

అమ్మ వంటింట్లోంచి వచ్చి 'ఏవిటా ఇంగ్లీషు కేకలు, పక్కింటివాళ్ళు ఏమనుకుంటారు' అని కోప్పడి వెళ్ళింది. అయిపోయాక నాన్న కాసేపు ఊరుకుని అన్నారు: "ఒరే, వినాల్సినవాళ్ళందరూ విన్నార్రా ఆవిడ మాట. వినీ ఏం చేశారు?"

ఆయన ఊరికే అన్న మాట కాదు. దానికి నెల ముందు ఒక బ్యాంకు (పేరెందుకులెండి) హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేశారు, పెన్షన్ ఖాతా లాకైపోతే. ఒకటి నొక్కండి, మూడు నొక్కండి అయ్యాక ఒకమ్మాయి దొరికింది. చాలా మర్యాదగా మాట్లాడింది. యాప్ తెరిచి, బొమ్మలో కనిపించే అక్షరాలు టైప్ చెయ్యమంది. నాకు కనపడదమ్మా అన్నారు. అర్థమైంది సార్, మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం, బొమ్మలో కనిపించే అక్షరాలు టైప్ చెయ్యండి, అంది. చివర్లో సేవకి ఎన్ని మార్కులేస్తారని మెసేజ్ కూడా వచ్చింది. ఆ అమ్మాయి తప్పేం లేదు, ఆవిడ ముందున్న స్క్రీన్‌లో ఉన్నదే చదివింది. ఆ స్క్రీన్ రాసింది మనలాంటివాళ్ళే. 'కళ్ళు కనపడనివాడు ఫోన్ చేస్తే' అనే కేసు ఆ ఫ్లో చార్టులో లేదు, అంతే.

అందుకే చీకట్లో క్యాబేజీ నరికిన చప్పుడు మర్నాటికి మర్చిపోతాను కానీ, ఫ్లెచర్ ఆపరేటర్ల తియ్యటి గొంతులు మర్చిపోలేను. దెయ్యాలు లేవని మనకి తెలుసు. మర్యాదగా ఫోన్ పెట్టేసేవాళ్ళు ఉన్నారని కూడా తెలుసు.

మొదలెట్టాలనుకునేవాళ్ళకి నా సలహా: ముందు 'సారీ, రాంగ్ నంబర్', తరవాత 'ది హిచ్‌హైకర్'. ఆ పైన విన్సెంట్ ప్రైస్ గొంతులో 'త్రీ స్కెలిటన్ కీ'. సముద్రం మధ్య లైట్‌హౌస్‌లో ముగ్గురు మనుషులు, చుట్టూ వేల ఎలుకలు. రాత్రి భోజనానికి ముందు వద్దు. ఆఖర్న కూపర్ రాసిన 'క్వయట్, ప్లీజ్' లోంచి 'ది థింగ్ ఆన్ ది ఫోర్బుల్ బోర్డ్'. 1948 ఆగస్టులో వచ్చింది. మన విజయవాడ రేడియో స్టేషన్ మొదలైంది కూడా ఆ ఏడాదే. ఫోర్బుల్ బోర్డంటే చమురు బావి మీది టవర్లో, నాలుగేసి పైపులు కలిపి నిలబెట్టేచోట ఉండే ఎత్తైన పలక. భూమిలో మైలు లోతు నుంచి తీసిన రాతి ముక్కలో ఒక ఉంగరం, ఉంగరంతో పాటు ఒక వేలు బయటపడతాయి. అక్కణ్ణించి ఎర్నెస్ట్ చాపెల్ మనల్ని తన ఇంటికొచ్చిన అతిథిలా కూచోబెట్టి కథ చెబుతాడు. పైనుంచి ఒక ఏడుపు వినిపిస్తుంది, చిన్నపిల్ల ఏడుపులా. అదేంటో చెప్పను. అతను మాత్రం ఆ ఏడుపు విని ఫోన్ పెట్టేసే రకం కాదు, పలికాడు. దాని ఫలితం మీరే వినండి. (వినకపోవడమే కాదు, వినడం కూడా ఒక్కోసారి ప్రమాదమేనని కూపర్ అభిప్రాయం కాబోలు. వినేవాళ్ళు తక్కువైన ఈ రోజుల్లో నేనైతే ఆ రిస్కు తీసుకోమంటాను.)

వినేటప్పుడు లైటు తీసెయ్యండి. ఫోను బోర్లా పెట్టండి. పక్కన మెయిల్ చూసుకుంటూ వింటే ఇవి పనిచెయ్యవు, ముసలాళ్ళ గొణుగుడులా ఉంటాయి. ఇంట్లో చూపు తగ్గిన పెద్దవాళ్ళెవరన్నా ఉంటే పక్కన కూచోబెట్టుకుని వినండి. ఇంగ్లీషు రాకపోతే మధ్యలో ఆపి చెప్పండి, కథ ఏం పాడైపోదు.

నాన్న ఇప్పటికి పదకొండు నాటకాలు విన్నారు. పన్నెండోది ఇవాళ రాత్రికి. లైట్లు తీసెయ్యడం నాకోసమేనట, ఆయనకి అక్కర్లేదట. అలా అని ఆయనే నవ్వారు.