తాళపుచెవి యెవరిది?

మా అత్తగారి కాలమున ఇంటి తాళపుచెవుల గుత్తి ఆమె బొడ్డుననే యుండెడిది. అది చేయి మాఱినచో ఇంటిల్లిపాదికిని తెలిసెడిది. ఇప్పటి తాళపుచెవి పాస్‌వర్డు. ఇది యొకరికిచ్చినను మనయొద్దనే యుండును. పుచ్చుకొన్నవారు మఱియొకరికిచ్చినను వారియొద్దనే యుండును. మరల అడిగి తీసికొనుటకు వీలులేని వస్తువిది. ఇట్టిదానిని మేము పొరుగిండ్లకు పెరుగుతోడు పంపినట్లు పంచుకొంటిమి. ఆ ముచ్చటను సోదరీమణులకు చెప్పవలెనని యున్నది.

1998 నవంబరున సైబర్ టవర్సు ప్రారంభమైన పిమ్మట మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి ప్రాంతములు ఊరులనుండి వచ్చినవారితో నిండిపోయినవి. మేమున్న కొండాపూరు అపార్టుమెంటున పుట్టినిల్లు ఈ నగరమందే కలవారు అరుదు. కావున ప్రతి యింటను రైలుటిక్కెట్ల చింత తప్పదు. 2002 ఆగస్టునుండి ఇంటర్నెట్టున రైలుటిక్కెట్లు దొరకుచున్నవి. స్టేషనునకు పోయి వరుసలో నిలువబడు బాధ తగ్గినది. దానికి ఐ.ఆర్.సి.టి.సి.లో ఎవరి ఖాతా వారు తెఱవవలెను. మేము మాత్రము ఎవరికి వారు తెఱచుటకు బద్ధకించి, రెండవ అంతస్తు పిన్నిగారి ఖాతానే అందఱము వాడుకొంటిమి. ఆమె ఉపాధ్యాయినిగా చేసి విరమించినవారు, అడిగినవారికి లేదనరు. ఆ పాస్‌వర్డును ఎవరో మా వాట్సాప్ సమూహమున వ్రాసిరి. అది యచ్చట రెండేండ్లు పడియుండెను.

2024 డిసెంబరున మేమెనమండుగురము తిరుపతికి పోవ నిశ్చయించితిమి. రూ. 300ల ప్రత్యేకప్రవేశ దర్శనపు టిక్కెట్లు నెలల ముందే సంపాదించితిమి. ఒక్క రైలుటిక్కెట్టుపై ఆఱుగురికి మించి పేర్లు చేర్చుటకు వీలులేదు గనుక, ఆఱుగురికొకటియు, పిన్నిగారికిని ఎనుబదేండ్ల వారి అత్తగారికిని వేఱొకటియు తీసికొంటిమి. ఆ పెద్దావిడకు మొక్కు కలదు; క్రింది బెర్తు దొరకినదని తెలిసి చిన్నపిల్లవలె సంతసించిరి.

ఈ టిక్కెట్లు తీసినది శ్రీకాకుళము జిల్లానుండి వచ్చి మాదాపూరు హాస్టలున నుండి కంపెనీలో పనిచేయు ఒక చిన్నది. నాల్గవ అంతస్తు వదినగారికి దూరపు బంధువు. ఆదివారములందు భోజనమునకు వచ్చుచుండెను. ఫోను పనులు తెలిసిన పిల్ల యగుటచే అందఱమును ఆమె చేతనే టిక్కెట్లు తీయించుకొనువారము. యాత్రకు ఆమెయు మాతో రానుండెను.

ప్రయాణమునకు నాలుగు దినముల ముందు, రాత్రివేళ పిన్నిగారి ఫోనునకు సందేశము వచ్చినది: ఆ యిద్దఱి టిక్కెట్టు రద్దయినదని. రుసుము పోగా సొమ్ము తిరిగి వచ్చినది గాని బెర్తులు వచ్చునా? మరల చూడగా వెయిటింగు లిస్టు. తత్కాలున దొరకలేదు. ఎనుబదేండ్ల ముసలమ్మను బస్సులో రాత్రంతయు కూర్చుండబెట్టి తీసికొనిపోవ పిన్నిగారికి ధైర్యము చాలలేదు.

రద్దు చేసినదెవరు? పదిమంది చేతులలో నున్న ఖాతా అది. ఎవరు చేసినను పిన్నిగారి పేరనే జరుగును. ఇంటిలో ఉంగరము కనబడకపోయినచో మొదట పనిమనిషివైపు చూచు దుర్గుణము మనలో నున్నది గదా! అటులనే మా చూపులు ఆ హాస్టలు పిల్లపై పడెను. సంక్రాంతికి ఊరికి పోవుటకు టిక్కెట్టు కొఱకు ఆమె రెండు దినములుగా ఆ ఖాతాలోనే వెదకుచుండెనని ఒకరు జ్ఞాపకము చేసిరి. “అత్తా, నేను ముట్టుకోలేదండీ” అని ఆమె చెప్పినది. మేము కాదనలేదు, ఔననలేదు. మఱునాడు ఆమె పేరు వాట్సాప్ సమూహమున లేదు. తొలగించినవారెవరో మాకు తెలియును. వలదనని వారిలో మేమును ఉన్నాము. ఆ పిల్ల యాత్రకు రాలేదు.

ప్రయాణదినమున మేమైదుగురము లింగంపల్లి స్టేషనున నారాయణాద్రి కొఱకు నిలిచియుండగా మా వారు ఫోను చేసిరి. అదే తేదీకి తాము విజయవాడకు తీసికొన్న టిక్కెట్టును మునుపే రద్దు చేసికొంటిననియు, అయినను ఇప్పుడు బోగీ, బెర్తు సంఖ్యలతో సందేశము వచ్చినదనియు, ఇదేమి చోద్యమనియు అడిగిరి. వారును ఆ ఖాతానే వాడినారను మాట మాకప్పటికిగాని తట్టలేదు. ఆఫీసునుండి కారులో వచ్చుచు, తొందరలో, తేదీ మాత్రము చూచి, తమ టిక్కెట్టు బదులు పిన్నిగారి టిక్కెట్టును రద్దు చేసిరి. పాస్‌వర్డు వారికి చెప్పినది మేమే.

తిరుపతినుండి వచ్చినవెంటనే ముందు పిన్నిగారింటికి, తరువాత హాస్టలునకు పోయితిమి. పెద్దావిడ నవ్వి, “స్వామి ఫాల్గుణమున రమ్మన్నాడు కాబోలు” అనిరి. అప్పుడు పోయి వచ్చిరి కూడను. హాస్టలున మాత్రము మాట పెగలలేదు. ఆ పిల్లకు చేసినది టిక్కెట్టు నష్టమువంటిది కాదు.

ఇప్పుడు మాలో ఎవరి ఖాతా వారిది. ఆధారు జతపఱచినచో నెలకు 24 టిక్కెట్లు, లేనిచో 12 తీసికొనవచ్చును. ఒక సంసారమునకు ఇది చాలును. 2025 జులైనుండి తత్కాలునకు ఆధారు ధ్రువీకరణమును, ఆ ఫోనునకు వచ్చు ఓటీపీయు అవసరమైనవి గనుక ఒకరి ఖాతాను పదుగురు వాడుట ఎట్లును సాగదు. కలిసి పోవునపుడు ఒక్కరే టిక్కెట్లు తీయుదురు. తక్కినవారు పేరు, వయస్సు, సొమ్ము ముందుగా పంపుదురు. స్నేహితులకు తీసిపెట్టుట తప్పు కాదు. అనుమతి లేక దానిని వ్యాపారముగా చేయుటయే 1989 నాటి రైల్వే చట్టమున నేరము. టిక్కెట్టు వచ్చినపిమ్మట పది అంకెల పి.ఎన్.ఆర్. సంఖ్యను అందఱకును పంపిన చాలును. బెర్తు సంగతి దానితో ఎవరైనను చూచుకొనవచ్చును. రద్దు చేయవలసివచ్చిన, తీసినవారితో చెప్పి వారిచేతనే చేయింపవలెను. ఓటీపీ మాత్రము తోడబుట్టినవారడిగినను చెప్పము.

మా ఖాతాను తెఱచి యిచ్చినదియు ఆ చిన్నదే. క్షమింపుమని మేము కోరిన దినమున, హాస్టలు గదిలో మంచముపై కూర్చుండి, మా ఫోను పుచ్చుకొని అన్నియు నింపి, పాస్‌వర్డు వ్రాయవలసిన చోటికి వచ్చినంతనే ఫోను మా చేతికిచ్చెను. మేము తడుముకొనుచు ఒక్కొక్క అక్షరమే నొక్కినంతసేపును ఆమె కిటికీవైపు తిరిగి కూర్చుండెను.