పాత కారుకు దారి చూపే యంత్రం

గుంటూరులో మా ఇంటి ముందు ఒక పాత మారుతి 800 నిలిచి ఉంటుంది. 2004లో మా అబ్బా తన కష్టార్జితంతో కొన్న కారు అది. ఆ రకం కార్ల తయారీని కంపెనీ 2014లోనే ఆపివేసింది. పదిహేనేళ్లు నిండినప్పుడు ఒకసారి, ఆ తరువాత అయిదేళ్లకు మరొకసారి దాని రిజిస్ట్రేషనును పునరుద్ధరించవలసి వచ్చింది. రెండుసార్లూ మేము "ఇక అమ్మివేద్దాం అబ్బా" అన్నాము. రెండుసార్లూ ఆయన ఆ మాట చెవిన పడనట్లే కాగితాలు సర్దుకుని రవాణా శాఖ కార్యాలయానికి బయలుదేరారు.

నలభై ఏళ్లు లెక్కల మాస్టారుగా పనిచేసిన మనిషి. తన లెక్క తప్పిందని ఇతరులు అంటే ఆయనకు గిట్టదు. కనుకనే గత చలికాలంలో జరిగిన సంగతి మాకు వెంటనే తెలియలేదు.

బందరులో మా ఫుప్పూకు ఒంట్లో బాగుండడం లేదని కబురు వచ్చింది. ఆమె అబ్బాకు పెద్దక్క. అమ్మీని వెంటబెట్టుకుని ఆయన అస్ర్ నమాజు ముగించుకుని కారులో బయలుదేరారు. మా ఇంటి నుండి బందరుకు సుమారు వంద కిలోమీటర్లు. మంగళగిరి మీదుగా కృష్ణ దాటి, విజయవాడ బెంజి సర్కిల్ వద్ద కుడివైపు బందరు రోడ్డులోకి తిరగాలి. ఆయన ఎన్నో ఏళ్లుగా ఎరిగిన దారి. కాని ఇప్పుడు అక్కడ ఫ్లైఓవర్ వచ్చింది. కుడివైపు తిరగదలచినవారు ముందుగానే ఎడమ పక్కనున్న సర్వీసు రోడ్డులోకి దిగాలి. చీకటిలో ఆయన నేరుగా ఫ్లైఓవర్ ఎక్కేశారు. బెంజి సర్కిల్ వారి కాళ్ల కింద నుండి వెళ్లిపోయింది. రామవరప్పాడు దాటి గన్నవరం చేరిన తరువాత గాని పొరపాటు తెలియలేదు. తిరిగి వచ్చి, దారి వెదుక్కుని బందరు చేరేసరికి రాత్రి పది దాటింది. తమ్ముడు వస్తున్నాడని గుమ్మం వైపే చూస్తూ కూర్చున్న ఫుప్పూ మందుల మత్తులో నిద్రపోయింది. మరునాడు ఉదయం గాని అక్కాతమ్ముళ్లు మాట్లాడుకోలేదు.

ఈ సంగతిని నెల రోజుల తరువాత అమ్మీ మా ఇద్దరికీ చెప్పింది. "నేను చెప్పినట్లు మీ అబ్బాకు తెలియనివ్వకండి" అని కూడా అన్నది.

ఆయనతో ఎలా మాట్లాడాలో మాకు తోచలేదు. కారు నడపవద్దని అనడానికి నోరు రాలేదు. చివరకు ఒక తేలిక మార్గం దొరికింది. కారుకు దారి చూపే యంత్రం అమర్చి, దానిని కానుకగా ఇవ్వాలనుకున్నాము. కానుక పేరిట సమస్య తీరుతుందని, నొప్పించే మాట అనవలసిన అవసరం తప్పుతుందని మా ఆలోచన.

తీరా కొనబోతే, ఇరవై ఏళ్ల కారుకు సరిపడే యంత్రాన్ని ఎంచుకోవడం మేము అనుకున్నంత సులభం కాదని తెలిసింది. ఇళ్లలో పాత కార్లు ఉన్న పాఠకులకు ఉపయోగపడగలదని ఆ వివరాలు రాస్తున్నాము.

మొదట చూడవలసినది చోటు. డ్యాష్‌బోర్డులో రేడియో అమర్చే గూటికి ప్రపంచమంతటా రెండు కొలతలు ఎక్కువగా వాడుకలో ఉన్నాయి. ఒకటి సింగిల్ డిన్. దాని వెడల్పు సుమారు 180 మిల్లీమీటర్లు, ఎత్తు 50. రెండవది డబుల్ డిన్. వెడల్పు అంతే గాని ఎత్తు రెట్టింపు, అంటే 100. ఈనాటి పెద్ద తెరల యంత్రాలలో చాలా వాటికి డబుల్ డిన్ గూడు కావాలి. మా కారులో ఉన్నది సింగిల్ డిన్. డ్యాష్‌బోర్డును కోసి గూడు పెంచుతామని ఒక దుకాణంలో అన్నారు. ఒకసారి కోసిన దానిని తిరిగి అతికించలేము. మరొక చోట, సింగిల్ డిన్ గూటిలోనే ఇమిడి, తెర మాత్రం బయటికి వచ్చి నిలిచే యంత్రాన్ని చూపించారు. తొమ్మిది అంగుళాల అట్టముక్కను కత్తిరించి తెర ఉండే చోట పెట్టి చూశాము. గాలి వచ్చే రంధ్రాలు మూసుకుపోయాయి, చేతికి అందవలసిన మీటలు దాని వెనుకకు పోయాయి. కొనేముందు ఇలా అట్టముక్కతో కొలిచి చూడడానికి ఖర్చేమీ కాదు. గూటి లోతు కూడా కొలవాలి. ముందు నుండి సరిపోయినట్లు కనిపించే పెట్టె వెనుక తీగల కట్ట అడ్డుపడి లోపలికి పోకపోవచ్చు.

అన్నిటికంటె పెద్ద ఇబ్బంది మరొకటి. ఆ గూటిలో అబ్బా క్యాసెట్ ప్లేయరు ఉంది. ఆయన దానిని నేటికీ వాడుతున్నారు. దానిని ఊడబెరికి ఆ స్థానంలో కానుక పెట్టడం ఏ రకమైన కానుక? అందుచేత గూటి జోలికి పోకుండా, డ్యాష్‌బోర్డు పైన నిలబెట్టుకునే విడి యంత్రమే మేలని నిశ్చయించుకున్నాము. మీ చేతిలోని ఫోనే చాలదా అని కొందరు అడిగారు. అబ్బా వాడేది మీటల ఫోను. మా ఫోను ఇద్దామంటే, వేసవిలో గుంటూరు ఎండకు అద్దం వెనుక పెట్టిన ఫోను వేడెక్కి ఆగిపోవడం మాకు అనుభవమే.

రెండవది పటం. ఒకరు తక్కువ ధరకు పాత యంత్రం ఇస్తామన్నారు. దానిలో విజయవాడ కనకదుర్గ ఫ్లైఓవర్ కోసం వెదికాము. కనిపించలేదు. ఆ ఫ్లైఓవర్ 2020 అక్టోబరులో ప్రారంభమైంది. అంటే దానిలోని పటం అంతకుముందుది. పటం మార్చే వీలున్నదా అంటే లేదన్నారు. పాత యంత్రాలలో మరొక చిక్కు కూడా ఉంది. అమెరికా వారి జీపీఎస్ వ్యవస్థ కాలాన్ని వారాలలో లెక్కిస్తుంది. 1024 వారాలకు, అంటే సుమారు ఇరవై ఏళ్లకు ఒకసారి, ఆ లెక్క మళ్లీ సున్నాకు వస్తుంది. 2019 ఏప్రిల్ 6న అలా వచ్చింది. ఆ మార్పుకు సిద్ధం చేయని కొన్ని పాత యంత్రాలు అప్పటి నుండి తేదీని తప్పుగా చూపుతున్నాయి. కనుక పాత యంత్రం కొనేవారు దానిని ఆరుబయట ఆన్ చేసి, తేదీ, సమయం సరిగా ఉన్నాయో లేదో చూసుకోవాలి. తమ ఊరిలో కొత్తగా వేసిన రోడ్డు ఒకటి పటంలో ఉన్నదో లేదో వెదకాలి. ఈ రెండు పరీక్షలకూ పది నిమిషాలు చాలు.

చివరకు అయిదు అంగుళాల తెర ఉన్న కొత్త యంత్రాన్ని కొన్నాము. పటాలను ముందుగానే దింపుకుంటే ఫోను సిగ్నలు లేని చోట కూడా అది పనిచేస్తుంది. మాట పెద్దగా వినిపిస్తుంది. తెలుగులో చెబుతుంది.

అమ్మీకి దానిని చూడగానే సందేహం కలిగింది. "పైనుండి ఎవరో మనలను ఎల్లవేళలా చూస్తూ ఉంటారా?" అని అడిగింది. ఉపగ్రహం మన కారును చూడదని, మన కారు ఉన్న సంగతే దానికి తెలియదని చెప్పాము. జీపీఎస్ ఉపగ్రహాలు భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతూ, తాము ఎక్కడున్నదీ, అప్పటి సమయమెంతన్నదీ ప్రకటిస్తూ ఉంటాయి. మన యంత్రం కేవలం వింటుంది. ఏ ఉపగ్రహం మాట తనను చేరడానికి ఎంత కాలం పట్టిందో చూసి, దూరాన్ని లెక్కగడుతుంది. అలా కనీసం నాలుగు ఉపగ్రహాల మాట వినాలి. చోటు తెలియడానికి మూడు, యంత్రంలోని చిన్న గడియారపు తప్పును సరిదిద్దడానికి మరొకటి. పక్కనే కూర్చున్న అబ్బా ఈ లెక్క విని మొదటిసారి యంత్రం వైపు ఆసక్తిగా చూశారు. "నాలుగు తెలియని రాశులు, నాలుగు సమీకరణాలు" అన్నారు. మన దేశం కూడా ఇటువంటి వ్యవస్థను నిర్మించుకున్నదని, దానిలో మొదటి ఉపగ్రహం 2013 జూలై 1న మన శ్రీహరికోట నుండే వెళ్లిందని చెబితే మరింత సంతోషించారు.

ఇక మిగిలింది విద్యుత్తు. కారు బ్యాటరీ ఇచ్చేది 12 వోల్టులు, ఈ యంత్రానికి కావలసింది 5 వోల్టులు. మధ్యలో చిన్న కన్వర్టరు పెట్టాలి. మా కారులో సిగరెట్ లైటర్ సాకెట్ లేదు. ఒక మెకానిక్ తీగలు కలిపి ఇచ్చాడు. మూడు రోజులు కారు తీయలేదు. నాలుగవ రోజు ఉదయం ఫుప్పూను చూడడానికి బయలుదేరబోతే కారు స్టార్టు కాలేదు. తీగను నేరుగా బ్యాటరీ లైనుకు కలపడం వల్ల, తాళం తీసినా యంత్రం రాత్రింబవళ్లు వెలుగుతూ బ్యాటరీని ఖాళీ చేసింది. తాళం తిప్పినప్పుడు మాత్రమే విద్యుత్తు వచ్చే లైను వేరే ఉంటుంది. సాధారణంగా మార్కెట్లో దొరికే రేడియోల తీగలలో పసుపుది ఎల్లప్పుడూ విద్యుత్తు ఉండేది, ఎరుపుది తాళంతో వచ్చేది, నలుపుది ఎర్త్. పాత కార్లలో ఎన్ని చేతులు పడ్డాయో తెలియదు గనుక రంగును నమ్మక మీటరుతో చూసుకోవాలి. మధ్యలో ఫ్యూజు తప్పనిసరి. మరొక ఎలక్ట్రీషియన్ చేత ఇవన్నీ సరిచేయించాము.

ఆ తరువాతి ఆదివారం పగటిపూట నలుగురమూ బందరు బయలుదేరాము. అబ్బా నడుపుతున్నారు. కృష్ణ దాటగానే యంత్రం ఎడమవైపు సర్వీసు రోడ్డులోకి వెళ్లమన్నది. ఆయన వెళ్లారు. మేము ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వుకున్నాము. కాని ఫ్లైఓవర్ పక్కన కొద్ది దూరం పోగానే యంత్రం మేము వంతెన పైన ఉన్నామని భ్రమించి, నేరుగా పొమ్మన్నది. పైరోడ్డు, కిందిరోడ్డు ఇంత దగ్గరగా ఉన్నచోట, కొన్ని మీటర్ల తేడా వచ్చినా అది తికమకపడుతుందన్న సంగతి మాకు అప్పుడే తెలిసింది. అబ్బా నిదానంగా కారు పక్కకు ఆపి, అద్దం దించి, ఒక ఆటో అతనిని అడిగారు. "బాబూ, బందరు రోడ్డుకు కుడివైపేనా?" "అవును మాస్టారూ" అన్నాడతడు. ఆయన మాస్టారని అతనికి ఎలా తెలిసిందో!

ఫుప్పూ ఆ రోజు మెలకువగానే ఉంది. అక్కాతమ్ముళ్లు మధ్యాహ్నమంతా మాట్లాడుకున్నారు. పొద్దు వాలుతుండగా మేము లేచాము. కారు దగ్గరకు వచ్చిన అబ్బా తాళాలు మా చేతిలో పెట్టి ఇలా అన్నారు.

"బేటా, ఈ యంత్రం మంచిదే. కాని ఆ రాత్రి నేను దారి మరచిపోయి ఫ్లైఓవర్ ఎక్కలేదు. బోర్డు ఉన్నది, కనిపించింది. దాని మీద అక్షరాలు కనిపించలేదు. ఎదురుగా వచ్చే బండ్ల దీపాలు కళ్లలో పడితే అంతా తెల్లగా అయిపోతున్నది. ఏడాదిగా ఇలాగే ఉంది."

మేము ఏమీ అనలేకపోయాము. అమ్మీ తలవంచుకుని నిలబడింది. ఆ రాత్రి సంగతి అమ్మీ మాకు చెప్పిందని ఆయనకు తెలుసునన్నమాట. మేము కానుక ఎందుకు తెచ్చామో కూడా తెలుసు. మేము అడుగుతామని ఆయన చూశారు. మేము అడగలేదు.

ఆ వారమే కంటి వైద్యునికి చూపించాము. రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరాయని చెప్పారు. ఒక్కొక్క కంటికి వ్యవధి ఇచ్చి శస్త్రచికిత్స చేశారు. అల్లాహ్ దయ వల్ల చూపు బాగుపడింది. వైద్యుడు అనుమతించిన తరువాత అబ్బా మళ్లీ కారు నడుపుతున్నారు. చీకటి పడ్డాక నడపనని మాత్రం తనంతట తానే నియమం పెట్టుకున్నారు. మేము చెప్పవలసిన అవసరం రాలేదు.

గూటి కొలత, లోతు, తీగ, వోల్టు, పటం, తేదీ అన్నీ చూశాము. కారుకు యంత్రం సరిపడుతుందా అని నెల రోజులు విచారించాము. నడిపే మనిషికి ఏమి కావాలో ఆయననే ఒక్కమారు అడగలేదు. ఆయన నొచ్చుకుంటారేమోనన్నది మేము చెప్పుకున్న కారణం. నిజానికి ఆ సంభాషణ మాకే భయం. ఆ భయం మూలాన, కళ్లు మసకబారిన మనిషి ఆ చలికాలమంతా అమ్మీని పక్కన కూర్చోబెట్టుకుని రాత్రివేళ జాతీయ రహదారి మీద కారు నడిపారు. తలచుకుంటే ఇప్పటికీ గుండె జలదరిస్తుంది.

మీ ఇంట్లో పెద్దవారు పాత కారు నడుపుతుంటే దారి చూపే యంత్రం తప్పక కొనివ్వండి. పైన చెప్పిన జాగ్రత్తలు తీసుకోండి. అయితే దుకాణానికి వెళ్లేముందు ఒకసారి వారి పక్కన కూర్చుని, "రాత్రిపూట బోర్డులు కనిపిస్తున్నాయా?" అని అడగండి. మర్యాదగా అడిగితే పెద్దలు చెబుతారు. మా అబ్బా ఏడాదిగా ఆ ప్రశ్న కోసమే ఎదురుచూశారు.