రిజిస్టరులో నా పేరు

మా పెద్దమ్మాయి నర్సింగు చదివి, ఉద్యోగము దొరికి అమెరికా వెళ్ళింది. 2021లో ఆమెకు ఆ దేశపు పౌరసత్వము వచ్చింది. ఆ ఏడు క్రిస్మసు రాత్రి ఫోనులో, "నాన్నా, ఇక మీరూ అమ్మా ఒంటరిగా ఉండవద్దు. మీ ఇద్దరికీ నేను పిటిషను వేస్తాను. మీ పుట్టిన సర్టిఫికెట్లు, పెళ్ళి సర్టిఫికెట్టు పంపండి" అన్నది.

ఆ మాట విని మేమిద్దరము ఒకరి ముఖము ఒకరు చూసుకొన్నాము. ముప్పై నాలుగేండ్లు బడిపంతులుగా పనిచేసి ఎందరో పిల్లల పుట్టిన తేదీలు హాజరుపట్టీలో వ్రాశాను. నేను పుట్టినట్లు మాత్రము నా దగ్గర ఏ కాగితమూ లేదు.

మన సంఘాలలో పిల్లలు పైదేశాలలో ఉన్న కుటుంబాలు నేడు చాలా ఉన్నాయి. వారిలో కొందరికైనా ఉపయోగపడుతుందని ఈ అనుభవము వ్రాస్తున్నాను.

ముందుగా ఈ పని ఎలా జరుగుతుందో చెబుతాను. ఇరవై ఒక్క ఏండ్లు నిండిన అమెరికా పౌరులు తమ తల్లిదండ్రుల కొరకు ఐ-130 అనే పిటిషను వేయవచ్చు. తల్లికి ఒకటి, తండ్రికి ఒకటి విడివిడిగా వేయాలి. 2022లో మా అమ్మాయి వేసినప్పుడు ఒక్కొక్కదానికి 535 డాలర్లు కట్టింది. పిటిషను మంజూరైన తరువాత ఫైలు నేషనల్ వీసా సెంటరుకు వెళుతుంది. అక్కడ మనిషికి 325 డాలర్ల వీసా రుసుము కట్టి, డి.యస్-260 అనే ఫారము నింపి, మన కాగితాలన్నీ కంప్యూటరు ద్వారా పంపాలి. మమ్ములను పోషించే స్తోమత తనకు ఉన్నదని అమ్మాయి తన ఆదాయపు పన్ను కాగితాలతో హామీ పత్రము ఇవ్వాలి. అన్నీ సరిగా ఉన్నాయని వారు తేల్చిన తరువాతనే ఇంటర్వ్యూకు పిలుపు వస్తుంది.

వినటానికి ఇది సులువే. మా చిక్కంతా నా పేరు దగ్గర వచ్చింది.

నా బాప్తిస్మపు పేరు సమూయేలు. బడిలో వేసిన నాడు పంతులుగారు "పిల్లవాణ్ణి ఏమని పిలుస్తారు?" అని అడిగితే మా నాయనమ్మ "సోములూ అంటాం బాబూ" అన్నదట. ఆయన అదే వ్రాసుకొన్నాడు. పదవ తరగతి సర్టిఫికెట్టు, ఉద్యోగపు సర్వీసు పుస్తకము, పెన్షను, ఆధారు, పాస్‌పోర్టు, చివరకు మా అమ్మాయి పుట్టిన సర్టిఫికెట్టులో తండ్రి పేరు, అన్నిటా సోములే. పెళ్ళి మాత్రము 1978లో గుడిలో జరిగింది గనుక పెళ్ళి రిజిస్టరులో సమూయేలు. అమ్మాయి తండ్రి సోములు, అమ్మాయి తల్లిని పెండ్లాడినవాడు సమూయేలు. మమ్ములను ఎరుగని అధికారి ఈ రెండు కాగితాలు ప్రక్కప్రక్కన పెట్టి చూస్తే ఏమనుకొంటాడు?

పట్నములో ఇటువంటి పనులు చేసిపెట్టే ఒకతని దగ్గరకు వెళ్ళాను. నా మాట పూర్తి కాకముందే అతను నవ్వాడు. "మాస్టారూ, దీనికింత దిగులెందుకు? సోములు పేరుతోనే పాత తేదీ వేసి పెళ్ళి సర్టిఫికెట్టు, పుట్టిన సర్టిఫికెట్టు రెండూ తెప్పిస్తాను. ఒక్కొక్కటి అయిదు వేలు. స్టాంపులు అసలువాటిలాగే ఉంటాయి" అన్నాడు.

నిజము చెప్పాలి. నేను వెంటనే కాదనలేదు. "ఆలోచించి చెబుతాను" అని వచ్చాను. దారి పొడుగునా పదివేలు ఎక్కడ సర్దాలా అనే ఆలోచించాను గాని, అది తప్పు అని ఆలోచించలేదు. నేను సోములునే, నా పెళ్ళి నిజంగా జరిగినదే, ఇక అబద్ధమెక్కడున్నది అని నాకు నేనే సర్ది చెప్పుకొన్నాను.

రాత్రి అమ్మాయితో చెప్పాను. ఆమె గొంతు మారిపోయింది. "నాన్నా, అటువంటి పని చేయవద్దు. దొంగ కాగితము ఇచ్చారని తేలితే ఇక ఎప్పటికీ ఈ దేశములో అడుగు పెట్టనివ్వకపోవచ్చు. రెండు పేర్లుంటే ఉన్నాయి. 'మీకు వేరే పేర్లున్నాయా' అని ఫారములోనే ఒక ప్రశ్న ఉన్నది. అక్కడ వ్రాద్దాము" అన్నది. ఇన్నాళ్ళు పిల్లలకు నేను చెప్పిన పాఠము నా బిడ్డ నాకు తిరిగి అప్పజెప్పింది.

మరునాడు పంచాయతీ కార్యాలయానికి వెళ్ళాను. నేను పుట్టిన రోజుల్లో జనన మరణాలు గ్రామ మునసబు వ్రాసేవాడు. మా వాడలో బిడ్డ పుడితే వెళ్ళి చెప్పేవారు లేరు, వచ్చి అడిగేవారూ లేరు. కార్యదర్శిగారు పాత పుస్తకాలు వెదికించి, ఫలానా వ్యక్తి జననము నమోదు కాలేదని ధ్రువపత్రము ఇచ్చారు. పుట్టుక నమోదు కానివారు ముందుగా ఈ పత్రము తెచ్చుకోవాలి. దీనికి తోడుగా బడి సర్టిఫికెట్టు, బాప్తిస్మపు పత్రము, మన పుట్టుక ఎరిగిన దగ్గరి బంధువుల అఫిడవిట్లు జతపరచాలి. ఆ అఫిడవిట్టులో వారికి మనకు గల బంధుత్వము, మనము పుట్టిన తేదీ, ఊరు, తల్లిదండ్రుల పేర్లు, ఆ సంగతి వారికి ఎలా తెలుసో స్పష్టంగా ఉండాలి.

మా మేనత్తకు ఎనభై నాలుగేండ్లు. నోటరీ దగ్గర కూర్చోబెట్టి అడిగితే, "ఆరుద్ర కార్తెలో పుట్టాడయ్యా. నారుమడికి వెళ్ళి వచ్చేసరికి మా వదిన నొప్పులు పడుతోంది. నేనే వేడినీళ్ళు కాచాను" అన్నది. ఆ మాటలే వ్రాయించి వేలిముద్ర వేయించాము. నా బడి సర్టిఫికెట్టులో తేదీ 1-7-1955. ఆరుద్ర కార్తెకు సరిగ్గా సరిపోయింది.

ఇక బాప్తిస్మపు రిజిస్టరు. అయ్యగారు, నేను, సంఘ పెద్ద ఒకరు కలిసి గుడి ప్రక్క గదిలోని చెక్క బీరువా తెరిచాము. పై అరలో పుస్తకాలకు చెద పట్టింది. కొన్ని ముట్టుకొంటే పొడి రాలింది. నా గుండె జారిపోయింది. క్రింది అరలో, తుపానుకు తడిసి ఎండిన ఒక పొడుగాటి పుస్తకము ఉన్నది. అట్ట ఊడిపోయింది గాని పుటలు ఉన్నాయి. ఒక్కొక్కటే తిప్పాము. 1955 డిసెంబరు 25. ఆ రోజు బాప్తిస్మము పొందిన పిల్లలలో మూడవ పేరు సమూయేలు. వయస్సు అన్నచోట "సుమారు 6 నెలలు". తండ్రి పేరు, తల్లి పేరు, ఊరు. తండ్రి వృత్తి అన్నచోట "పాలేరు".

ఆ దస్తూరి మా పల్లె ఉపదేశిగారిది. మాకు ఓనమాలు దిద్దించినది కూడ ఆయనే. చాలీచాలని జీతముతో, సిరాబుడ్డీ పాళీ పెట్టుకొని, ఒక పాలేరు బిడ్డ పేరు కొట్టివేత లేకుండ వ్రాశాడు. మునసబు పుస్తకములో మాకు చోటు లేని రోజుల్లో ఈ పుస్తకములో మాకు ఒక వరుస ఉన్నది. నేను అక్కడే బల్లమీద కూర్చుండిపోయాను. అయ్యగారు ఏమీ అనలేదు, మంచినీళ్ళు తెప్పించారు.

పెళ్ళి రిజిస్టరు కూడ దొరికింది. అయ్యగారు రెండిటికీ నకళ్ళు వ్రాసి, సంతకము చేసి ముద్ర వేశారు. పెళ్ళి పత్రము ఇంగ్లీషు ఫారములోనే ఇచ్చారు. సోములు, సమూయేలు ఇద్దరూ ఒకరేనని నేను అఫిడవిట్టు ఇచ్చాను. పెళ్ళి పత్రముతో పిటిషను వెళ్ళింది. 2023లో మంజూరైంది.

వీసా సెంటరుకు కాగితాలు పంపిన తరువాత కొన్ని వారాలకు ఒకటి తిరిగి వచ్చింది. బాప్తిస్మపు పత్రము తెలుగులో ఉన్నది గనుక ఇంగ్లీషు అనువాదము జతపరచమన్నారు. అనువాదము చేసినవారు తమకు రెండు భాషలూ వచ్చునని, అనువాదము సరిగా ఉన్నదని వ్రాసి సంతకము చేయాలి. నా కాగితానికి నేనే సాక్ష్యము చెప్పుకొంటే బాగుండదని, మా సంఘములో ఇంగ్లీషు టీచరుగా చేసి రిటైరైన ఒక సోదరిని అడిగాను. ఆమె ఒప్పుకొని, "మీరు చిత్తుప్రతి వ్రాసి తెండి మాస్టారూ, చూసి సంతకము పెడతాను" అన్నది.

రాత్రి దీపము క్రింద కూర్చొని వ్రాస్తున్నాను. పాలేరు అన్న మాట దగ్గర కలము ఆగింది. కాసేపు ఆలోచించి 'ఫార్మర్' అని వ్రాశాను. మా ఇంటిది ప్రక్కన కూర్చొని అడిగింది: "మామయ్యగారి గురించి ఏమని వ్రాశారు?"

"రైతు అని."

"మామయ్యగారికి ఎకరమెప్పుడున్నదండీ?"

నేను జవాబు చెప్పలేదు. ఆమె మళ్ళీ అడగలేదు, లేచి వెళ్ళి పడుకొన్నది.

నేను చాలాసేపు మేలుకొని ఉన్నాను. మా నాయన ఏడాదికి ఇన్ని బస్తాల ధాన్యమని మాట్లాడుకొని మరొకరి పొలములో, మరొకరి ఎద్దులతో బ్రతికాడు. నేను ఉద్యోగములో చేరిన నాడు ఆ ఆసామి ఇంటి ముందు నిలబడి, "మావాడు పంతులయ్యాడయ్యా" అని చెప్పి వచ్చాడు. ఆయన పాలేరుతనాన్ని ఎన్నడూ దాచలేదు. దాచినది నేను. ఉద్యోగములో చేరిన తరువాత ఎవరైనా అడిగితే "వ్యవసాయము" అని తేల్చివేసేవాణ్ణి. పట్నములో అతను పదివేలకు అమ్మజూపిన అబద్ధాన్ని వద్దనుకొన్నాను. ఇక్కడ డబ్బు లేకుండానే ఒక అబద్ధము వ్రాసి, నన్ను నమ్మిన ఒక సోదరి చేత దానికి సంతకము పెట్టించబోతున్నాను. వీసాకు ఆ మాటతో పనే లేదు. రైతైనా పాలేరైనా వారికి ఒక్కటే. అవసరమే లేనిచోట సిగ్గుపడి ఆడిన అబద్ధము అది.

మత్తయి సువార్త మొదట ఉన్న వంశావళి గుర్తుకు వచ్చింది. అక్కడ రాహాబు పేరూ, అన్యదేశపు రూతు పేరూ దాచకుండ వ్రాసి ఉన్నాయి. 'ఫార్మర్' కొట్టివేసి 'ఫార్మ్ సర్వెంట్' అని వ్రాశాను. తెల్లవారి ఆ సోదరి తెలుగు మాట ప్రక్కన ఇంగ్లీషు మాట పెట్టి ఒక్కొక్కటే చూసి సంతకము చేసింది.

మిగిలిన పనులు త్వరగానే అయ్యాయి. పాస్‌పోర్టు సేవా కేంద్రము ద్వారా 500 రూపాయలు కట్టి పోలీసు క్లియరెన్సు తీసుకొన్నాము. పదహారవ ఏట నుండి ఉన్న ఊళ్ళన్నీ వ్రాయమంటే, బదిలీలైన పల్లెలన్నీ జ్ఞాపకము చేసుకొని వ్రాశాను. వారు నియమించిన ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసి టీకాలు వేశారు.

2024 ఆగస్టులో ఇంటర్వ్యూ బొంబాయిలో. బాంద్రా-కుర్లా కాంప్లెక్సులో ఉన్న అమెరికా కాన్సులేటుకు అసలు కాగితాలన్నీ సంచిలో పెట్టుకొని వెళ్ళాము. మా ఇంటిది సంచిని ఒడిలోనుండి దించలేదు. అద్దము వెనుక ఉన్న అధికారి మాతో ప్రమాణము చేయించి, అమ్మాయి ఏమి చేస్తున్నది, పిల్లలెందరు అని అడిగాడు. తరువాత, "నీకు రెండు పేర్లెందుకు?" అన్నాడు.

"గుడిలో ఒకటి, బడిలో ఒకటి. రెండూ నావే" అని, మా నాయనమ్మ చెప్పిన మాటతో సహా చెప్పాను. అతను ఆ పాత రిజిస్టరు నకలు, అనువాదము కాసేపు చూశాడు. పాలేరు అన్న మాట చూశాడో లేదో నాకు తెలియదు. ఏమీ అడగలేదు. వీసా మంజూరైందని చెప్పి పాస్‌పోర్టులు ఉంచుకొన్నాడు. బయట రోడ్డు ప్రక్కన నిలబడి అమ్మాయికి ఫోను చేశాము. ఎవరికీ మాట రాలేదు.

ప్రియ చదువరులారా, నాలుగు మాటలు చెప్పి ముగిస్తాను. బిడ్డ పుట్టిన 21 రోజులలో నమోదు చేయిస్తే పైసా ఖర్చు లేదు. ఏడాది దాటితే మెజిస్ట్రేటు ఉత్తరువు కావాలి. 2023 అక్టోబరు 1 నుండి పుట్టిన పిల్లలకు బడిలో చేరటానికి, పాస్‌పోర్టుకు పుట్టిన తేదీ రుజువు జనన ధ్రువపత్రమే. పెట్టిన పేరు ఒక్కటే అన్నిచోట్లా ఒకే విధంగా వ్రాయించండి. ఇప్పటికే రెండు పేర్లుంటే దాచవద్దు, రెండూ చెప్పండి. పాత తేదీ వేసి ఇస్తామనేవారి గడప తొక్కవద్దు. సంఘ పెద్దలు మీ గుడి బీరువా ఒకసారి తెరిచి చూడండి. అందులో ఎందరి పుట్టుకలున్నాయో.

మేము ఆ అక్టోబరులో వెళ్ళి, అయిదు నెలలు అమ్మాయి దగ్గర ఉండి, చూసిపోదామని ఊరు వచ్చాము. వచ్చిన వారములోనే ఒక ఇనుప బీరువా కొని గుడికి ఇచ్చాము. ఇప్పుడు సాయంకాలాలు అయ్యగారు పాత రిజిస్టరు చదువుతుంటే నేను కొత్త పుస్తకములోనికి ఎక్కిస్తున్నాను. నిన్నటికి 1949 వరకు వచ్చాము. పాలేరు అని ఉన్నచోట పాలేరు అనే వ్రాస్తున్నాను.